స్క్రూ తిప్పినవాడు పడవెక్కాలి

సముద్రం మధ్య మా దీవి ఊళ్ళో, గోల్ ఘర్ సందులో నా పంపు షాపు ఉండేది. పంపు అంటే నీళ్ళ పంపు కాదు, డీజిల్ ఇంజనుకి పక్కనుండే ఫ్యూయల్ పంపు. ఇంజనుకి ఏ క్షణాన ఎంత ఆయిలు, అంటే డీజిలు, పోయాలో చూసేది అదే. ఊళ్ళో నన్ను పేరుతో పిలిచినవాళ్ళు తక్కువ. "పంపు మేస్త్రీ" అంటే అబర్డీన్ బజార్ బస్టాండులో ఎవరినడిగినా దారి చూపించేవాళ్ళు. మా ఆవిడ కూడా కోపం వచ్చినప్పుడు అలాగే పిలుస్తుంది.

ఇప్పుడు షాపు వేరేవాళ్ళకి ఇచ్చేసి ప్రోతరాపూర్‌లో ఇంటి పట్టున ఉంటున్నాను. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు అప్పుడప్పుడు బస్సెక్కి వచ్చి అడుగుతుంటారు, "అంకుల్, పందెం ఇంజనుకి సెట్టింగ్ ఎంత పెట్టాలి?" అని. ఎంత అని చెప్పడానికి అదేమన్నా చొక్కా కొలతా? చెప్పినా లాభం లేదు. ఒక ఇంజనుకి నప్పిన సెట్టింగు ఇంకోదానికి పెడితే పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టే. అందుకని సెట్టింగులు రాయడం లేదు. నాకు పని ఎలా వంటబట్టిందో, ఎవరి దగ్గర వంటబట్టిందో, అది రాస్తున్నాను. మీ తరానికి తెలుగు చదవడం కొంచెం కష్టమని తెలుసు. ఇంట్లో పెద్దవాళ్ళ చేత చదివించుకోండి, వాళ్ళకీ పొద్దుపోతుంది.

గాలి ముందు, ఆయిలు తర్వాత

నా గురువు హంజా ఉస్తాద్. ముత్తాతల నాటి నుంచి ఈ దీవుల్లో ఉన్న కుటుంబం. మలయాళం ఇంట్లో, హిందీ బజార్లో, తిట్లు మాత్రం అన్ని భాషల్లో. నేను చేరిన మొదటి రోజు ఆయన నన్ను పంపు ముట్టుకోనివ్వలేదు. షాపు ముందు స్టూలేసి కూర్చోబెట్టి, దారిన పోయే లారీల పొగ చూడమన్నాడు. నల్లగా పోతే ఒక గీత, తెల్లగా పోతే ఒక సున్నా, నీలంగా పోతే ఒక చుక్క. సాయంత్రం వచ్చి చూసి, "ఇప్పుడు చెప్పు, ఏ లారీకి ఏం జబ్బు?" అన్నాడు.

నల్ల పొగంటే గాలికి మించి ఆయిలు పడుతోంది. తెల్ల పొగంటే ఆయిలు పడుతోంది గానీ సరిగ్గా మండటం లేదు. నీలి పొగంటే ఇంజను తన ఒంట్లో నూనె తనే తాగుతోంది. ఇంతే చదువు. మిగతా జీవితమంతా ఈ మూడు రంగుల మధ్య తేడాలు పట్టుకోవడమే.

పందెం ఇంజనుకి వచ్చేసరికి ఈ చదువుకి పరీక్ష పెడతారు. జంగ్లీఘాట్‌లో మన శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి వచ్చి స్థిరపడ్డ మత్స్యకారులు ఉన్నారు కదా, వాళ్ళు ఏటా గంగమ్మ పండగకి ఇంజను డోంగీల పందెం పెడతారు. డోంగీ అంటే మన చెక్క పడవే. మలుపులు, వంకలు ఏమీ ఉండవు. జెట్టీ ముందు రెండు డోంగీలు పక్కపక్కన నిలబెడతారు, ఎదురుగా నీళ్ళలో ఎర్ర డబ్బా ఒకటి తేలుతుంటుంది, జెండా దించగానే తిన్నగా దానిమీదికి ఉరకాలి. ఓడినవాడు ఇంటికి, గెలిచినవాడు ఇంకొకడితో పోటీకి. ఒక్కో పందెం వక్క నమిలేంత సేపు కూడా పట్టదు. ఆ కాస్త సేపటి కోసం ఏడాదంతా కొట్టుకు చస్తారు.

ఇంజను ఎక్కువ బలం ఇవ్వాలంటే ఎక్కువ ఆయిలు మండాలి. ఎక్కువ ఆయిలు మండాలంటే అంతకు చాలినంత గాలి ఉండాలి. తూకం వేస్తే ఒక పాలు ఆయిలుకి ఇరవై పాళ్ళ గాలి. ఇంజను తనంతట తాను పీల్చుకునే గాలికి ఒక హద్దుంది. ఆ హద్దు దాటించాలని హంజా ఉస్తాద్ ఒకసారి పాత ఓడ తుక్కులో నుంచి ఒక బ్లోవర్ పట్టుకొచ్చాడు. లోపల రెండు అల్యూమినియం రెక్కలు, ఒకే రోట్లో ఇద్దరాడవాళ్ళు వంతులవారీగా పసుపు దంచినట్టు, ఒకదానికొకటి తగలకుండా తిరుగుతాయి. ఇంజను బెల్టుతో దాన్ని తిప్పితే గాలిని బలవంతాన సిలిండర్లలోకి కుక్కుతుంది. పెద్ద కార్ల పందేల్లో సూపర్‌చార్జర్ అంటారు చూడండి, అదే. మా దగ్గర మూడు సిలిండర్ల డీజిల్ ఇంజను మీద కూర్చుంది.

అది మొదట బిగించిన డోంగీ ఎల్లాజీది. ఎల్లాజీ గురించి ముందు ముందు చాలా ఉంది. అప్పటికి పాతికేళ్ళవాడు, చుక్కాని పట్టుకుంటే పడవ అతని ఒంట్లో భాగమైపోయేది. తమ్ముడు రామన్న ముందు కూర్చుని బరువు సరిచూసేవాడు. ఇంజను దగ్గర నేను. హంజా ఉస్తాద్ జెట్టీ మీద నిలబడి "పెహలే హవా, బాద్ మే తేల్!" అని అరిచేవాడు. ముందు గాలి, తర్వాత నూనె అని. ఇంజను తక్కువ వేగంలో ఉన్నప్పుడు బ్లోవర్ కూడా నిదానంగానే తిరుగుతుంది, గాలి తక్కువ. అప్పుడే ఆయిలు గుమ్మరిస్తే నల్ల పొగ తప్ప బలం రాదు. వేగం అందుకున్నాక ఇవ్వాలి. పిల్లలకి అన్నం పెట్టినట్టే, ముద్ద మింగాకే ఇంకో ముద్ద.

ఆ ఏడు మేమే గెలిచాం. ఉస్తాద్ ఏడ్చాడు. పొగ కళ్ళలో పడిందన్నాడు గానీ ఆ రోజు మా పడవ పొగే వదల్లేదు.

కషాయాలు

పందెం అనగానే మనవాళ్ళకి తీర్థం పిచ్చి పట్టుకుంటుంది. డీజిల్లో కిరోసిన్ కలిపేవాడొకడు, కర్పూరం వేసేవాడొకడు, బట్టల పెట్టెలోని కలరా ఉండలు నూరి కలిపేవాడింకొకడు. ఒకాయన గంగమ్మ దగ్గర పెట్టిన కొబ్బరినూనె దీపంలో మిగిలింది తెచ్చి ట్యాంకులో పోయమన్నాడు. వద్దంటే అమ్మవారికి కోపం వస్తుందట. పోశాను. ఆ పాటి కొబ్బరినూనెతో డీజిలుకి పోయేదేమీ లేదు, ఆయనకి ధైర్యం వస్తుంది. ధైర్యం కూడా పందెంలో లెక్కే.

కానీ ఇంకొకతను పెయింటు థిన్నర్ పోసుకొచ్చాడు. అది మాత్రం ఒప్పుకోలేదు. కిరోసిన్, థిన్నర్ లాంటి పల్చటివి పంపుకి జారుడు ఇవ్వవు. పంపు లోపలి ముక్కలు ఒకదానిలో ఒకటి వెంట్రుక కూడా దూరనంత బిగువుగా తిరుగుతాయి. వాటికి డీజిలే నూనె కూడా. పల్చటిది పోస్తే లోపల గీసుకుపోతాయి. అతను నా మీద అలిగి, ఇంకో మేస్త్రీ దగ్గర స్క్రూ బాగా బిగించి ఆయిలు పెంచించుకున్నాడు.

ఆ మేస్త్రీ పేరు చెప్పను, పోయాడు పాపం. స్క్రూ అంటే పంపు ఒంటికి ఉండే చిన్న మర. ఇంజను గరిష్ఠంగా ఎంత ఆయిలు తాగొచ్చో అది ఆపుతుంది. దాన్ని ఆయన తాగుబోతుకి సీసా ఇచ్చినట్టు ఇచ్చాడు. పైగా ఆ డోంగీకి బ్లోవర్ కూడా లేదు. గాలి లేదు, ఆయిలు మాత్రం కుండపోత. పందెం మధ్యలో పిస్టన్ నెత్తి కరిగి చిల్లు పడింది, పడవ పొగలో మునిగింది, నడిపేవాడు నీళ్ళలో దూకాడు. మేస్త్రీ ఏమో జెట్టీ మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

ఆ సాయంత్రం కులపెద్దలు గంగమ్మ గద్దె ముందు కూర్చున్నారు. తప్పు కట్టించలేదు. ఒకే ఒక్క మాట అన్నారు. "ఇకన్నించి స్క్రూ తిప్పినోడు పడవెక్కాల." వండినవాడే ముందు తినాలన్నట్టు. ఆ రోజు నుంచి జంగ్లీఘాట్ పందెంలో పంపు ముట్టుకున్న మేస్త్రీ ఇంజను పక్కన కూర్చోవలసిందే. కూర్చోకపోతే ఆ డోంగీకి జెండా దించరు. ఎంత మంచి కట్టుబాటో చూడండి. ఆ తర్వాత ఒక్క పిస్టన్ కూడా కరగలేదు.

ఇంకోటి. పండగ అయిపోగానే బ్లోవర్ దింపేసి మామూలు గాలిగొట్టం బిగిస్తాం, చేపల వేటకి అది చాలు. అప్పుడు స్క్రూ వెనక్కి తిప్పడం మర్చిపోకండి. పెళ్ళయ్యాక పందిరి విప్పాలి.

తాడు కట్టి చూడటం

పంపు సెట్టింగు నేల మీద కుదరదు. ఎందుకో చెబుతాను. బరువు లేనప్పుడు ఇంజను కొంచెం ఆయిలుతోనే పూర్తి వేగం అందుకుంటుంది, ఇక చాలని పంపే ఆపేస్తుంది. స్క్రూ పని ఏమిటో అప్పుడు తెలియనే తెలియదు. పడవ వెనక పంకా నీళ్ళని కొరికి, పడవ బరువు ఇంజను మీద పడినప్పుడే అసలు పొగ బయటికి వస్తుంది.

కొందరు మేస్త్రీలు పడవని తాడుతో జెట్టీకి కట్టేసి ఇంజను రేపుతారు. తాము పైన నిలబడి కింద ఎవరి చేతో రేజు ఇప్పిస్తారు, అంటే వేగం పెంచిస్తారు. ఇది ఇంకో మోసం. కట్టేసిన పడవలో పంకా ఉన్నచోటే నీళ్ళు చిలుకుతుంది, ఇంజను మీద ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువు పడుతుంది. వేగం అందుకోలేక నల్లగా కక్కుతుంది. మేస్త్రీ ఏమనుకుంటాడు? ఆయిలు ఎక్కువైందనుకుని స్క్రూ వెనక్కి తిప్పుతాడు. తాడు విప్పి సముద్రంలోకి పోతే అదే ఇంజను నీరసంగా ఈడుస్తుంది. పొగ ఉండదు, బలమూ ఉండదు.

ఇది తెలిసి కూడా సునామీ తర్వాత చాలాకాలం నేను తాడు కట్టే చూశాను. ఎందుకో కింద రాస్తున్నాను.

ఆ ఆదివారం

ఆ ఉదయం జంగ్లీఘాట్ జెట్టీ పక్కన ఒక డోంగీలో కూర్చుని పంపు బిగిస్తున్నాను. భూమి ఊగింది. పడవలో ఉన్నాను కాబట్టి నాకు సరిగ్గా తెలియలేదు, జెట్టీ మీద జనం కేకలు వేస్తే తలెత్తాను. మా వృత్తి జబ్బు ఒకటుంది, బిగిస్తున్న బోల్టు పూర్తి కాకుండా లేవబుద్ధి కాదు. బిగించాను. లేచేసరికి పడవ కదలడం లేదు. నీళ్ళు వెళ్ళిపోయి బురదలో కూర్చుంది. జెట్టీ కాళ్ళు మొదలంటా చూడటం నాకదే మొదలు. పైకెక్కి, బురదలో కొట్టుకుంటున్న చేపల్ని అందరితో పాటు వింతగా చూశాను.

తర్వాత నీళ్ళు వచ్చాయి. గోడలాంటి అల ఏమీ కాదు. పొయ్యి మీద పాలు పొంగినట్టు అన్ని వైపుల నుంచీ పైకి వచ్చాయి, ఇక ఆగవేమో అన్నట్టు వచ్చాయి. జెట్టీ మీది దీపస్తంభాన్ని పట్టుకున్నాను. నడుం దాటాయి. పడవలు నా పక్క నుంచే ఊళ్ళోకి పోయాయి. నీళ్ళు తీశాక ఎవరో నా చేతివేళ్ళు ఒక్కొక్కటీ విప్పితే గానీ స్తంభం వదల్లేదట. రెండో చేతిలో స్పానర్ అలాగే ఉంది.

మా ఊరు చాలావరకు బతికింది. దక్షిణాది దీవుల్లో పోయారు. ఎల్లాజీ తమ్ముడు రామన్న ముందురోజే హట్‌బే వైపు వెళ్ళాడు, అక్కడ చేప బాగుందని ఎల్లాజీయే పంపాడు. రామన్న తిరిగి రాలేదు. పడవ చెక్క కూడా రాలేదు.

తర్వాత వారాల్లో నా షాపు ఆసుపత్రిలాగే ఉంది. ఉప్పునీళ్ళు తాగిన ఇంజన్లు, పంపులు బారులు తీరాయి. మనవాళ్ళు చేసిన పొరపాటు ఏమిటంటే, మునిగిన ఇంజనుని బయటికి లాగి, ఎండు చేపల్ని ఆరబెట్టినట్టు ఎండలో ఆరబెట్టారు. వాళ్ళకి తెలిసిన వైద్యం అది. చేప ఎండలో ఎండితే నిలవ ఉంటుంది, ఇనుము ఎండలో ఎండితే తుప్పు తింటుంది. ఉప్పునీళ్ళలో మునిగినదాన్ని తీయగానే మంచినీళ్ళతో కడిగి, విప్పే తీరిక దొరికేదాకా నూనెలోనే ముంచి ఉంచాలి. గాలి తగలకూడదు. వీధి వీధీ తిరిగి చెప్పాను. అప్పటికే సగం ఇంజన్లు ఎర్రబడిపోయాయి.

ఆ నెలల్లో నేను చాలా పంపులు బాగుచేశాను. పడవ మాత్రం ఎక్కలేదు. అంచు మీద కాలు పెట్టబోయి వెనక్కి తీసేసుకునేవాణ్ణి. డీజిలు కరువు, ఊరికే తిరగడం ఎందుకని అందరికీ చెప్పి, తాడు కట్టించి జెట్టీ మీద నుంచే చూసి పంపేసేవాణ్ణి. పందేలు ఆగిపోయాయి కాబట్టి కట్టుబాటు గురించి ఎవరూ అడగలేదు. నా భయం ఎవరికీ తెలియదనే అనుకున్నాను.

చేపల వాసన వేసిన బ్లోవర్

రెండో ఏడు పండగకి పందెం మళ్ళీ పెట్టాలని పెద్దలు అనుకున్నారు. ఆ వారమే ఎల్లాజీ భార్య పోలమ్మ షాపుకి వచ్చింది. చేపల గంప దించి, నా స్టూలు మీదే కూర్చుంది.

"మేస్త్రీ భయ్యా, మా ఇంజను సూడాల."

"ఏ ఇంజను?"

"పందెం ఇంజనే. పంపూ బ్లోవరూ డ్రమ్ములో యేసి ఉంచినాను. నువ్వే గదా నూనెలో ముంచమన్నావు."

ఎల్లాజీ అప్పటికి సముద్రం మీదికి వెళ్ళి ఏడాది దాటింది. రోజూ పొద్దున్నే జెట్టీకి వచ్చేవాడు, వలలు బాగుచేసిపెట్టేవాడు, ఎవరైనా పడవెక్కమంటే లేచి ఇంటికి వెళ్ళిపోయేవాడు. అతని డోంగీని నీళ్ళు రోడ్డు మీదికి తెచ్చి పడేశాయి. దాన్ని బోర్లించి, పోలమ్మ దాని వీపు మీద చేపలు ఆరబెట్టుకుంటోంది.

"ఆయన పందెం ఆడతానన్నాడా?" అన్నాను.

"ఆడనన్నాడు. నువ్వు బాగుసెయ్యి భయ్యా. సేసినాక, సుక్కాని పట్టేవోడు నేకపోతే స్క్రూ ఎలగ తిప్పుతానని నువ్వే అడుగు. ఆ ఇంజనుకి నీకన్నా దగ్గిరోడు ఎవుడూ నేడు, నీ మాట కాదనడు." గొంతు తగ్గించింది. "ఆయన ఒడ్డునే ఉండిపోతే ఒట్టిపోతాడు భయ్యా. తిండికి నేను సంపాదిస్తాను. మనిషినెలా తెచ్చుకోను?"

ఎల్లాజీ అంటే నాకు తమ్ముడి కన్నా ఎక్కువ. ఎక్కమంటున్నది పడవ అన్న సంగతి ఆ క్షణాన తట్టలేదు. సరే అన్నాను.

డ్రమ్ము మూత తీస్తే చేపల వేపుడు దుకాణం వాసన గుప్పుమంది. డీజిలు దొరక్క, ఆవిడ చేపలు వేయించిన నూనె ఇల్లిల్లూ తిరిగి పోగుచేసి పోసింది. పంపు, బ్లోవర్ రెక్కలు, ఆయిలు చిమ్మే నాజిళ్ళు అన్నీ ఆ నూనెలో మునిగి ఉన్నాయి. ఇంజను సిలిండర్లలో కూడా పోసిందట. తుప్పు చుక్క లేదు. కాకపోతే నూనె బంకలా గడ్డకట్టింది. సోడాతో ఉడికిస్తే వదిలేదే గానీ, సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది. కిరోసిన్లో నానబెట్టి, చీపురు పుల్లలతో గీకి, రెక్క రెక్కా తుడిచాను. ఆ పని జరిగినన్ని రోజులూ గోల్ ఘర్ పిల్లులన్నీ నా షాపు ముందే కాపురం పెట్టాయి.

డోంగీని తిరగేసి, పగుళ్ళు పూడ్చి, ఇంజను ఎక్కించి నీళ్ళలోకి దించాం. ఎల్లాజీ జెట్టీ మీద కూర్చుని వల కుడుతున్నాడు.

"ఎల్లాజీ, చుక్కాని పట్టాలి," అన్నాను.

"తాడు కట్టి సూసుకో మేస్త్రీ."

"తాడు కట్టి చూస్తే పందెం ఇంజను కుదరదు. నీకు తెలియనిదా?"

పోలమ్మ చేపల గంప సర్దుకుంటూ అటు తిరిగింది. ఎల్లాజీ సూది చొక్కాకి గుచ్చుకుని లేచాడు. "చాథమ్ దాటను," అన్నాడు. మా రేవులోనే ఉన్న చిన్న దీవి అది.

నేను ఎలా దిగానో నాకే తెలియదు. కళ్ళు మూసుకుని దిగాను అనుకుంటాను.

కుదరలేదు, కుదరలేదు

మొదటి రోజు జెట్టీ కనుచూపు మేరలోనే తిరిగాం. ఇంజను చేపల వేపుడు వాసన కొడుతూ తెల్లగా పొగ వదిలింది. నాజిళ్ళు బాగా చిమ్మడం లేదని తేలింది. ఎడం చేత్తో పడవ అంచు గట్టిగా పట్టుకుని, కుడి చేత్తో పని చేశాను. స్క్రూ తిప్పాక దాన్ని కదలకుండా పట్టుకుని పైన నట్టు బిగించాలి, దానికి రెండు చేతులు కావాలి. "ఎల్లాజీ, ఆ నట్టు నువ్వు బిగించు, నీ చెయ్యి పొడుగు," అన్నాను. బిగించాడు.

రెండో రోజు నాజిళ్ళు మార్చి, ఆయిలు పడే సమయం కొంచెం ముందుకు జరిపాను. తెల్ల పొగ పోయి నల్లది వచ్చింది. స్క్రూ పావు మర వెనక్కి తిప్పాను. మూడో రోజు ఎల్లాజీ నిండా రేజు ఇచ్చినప్పుడు బ్లోవర్ ఈల వేసింది, పడవ ముక్కు పైకి లేచింది, వెనక సన్నటి బూడిదరంగు ఆవిరి తప్ప ఏమీ లేదు. గాలీ ఆయిలూ కుదిరితే ఇంజను గొంతే మారుతుంది. ముప్పయ్యేళ్ళలో అంత బాగా కుదిరిన ఇంజన్లు నా చేతిలో ఎన్నో లేవు.

ఒడ్డుకి వచ్చాక ఎల్లాజీ అడిగాడు. "కుదిరిందా?"

అవునంటే అతను రేపటి నుంచి మళ్ళీ వల కుట్టుకుంటూ కూర్చుంటాడు. "లేదు," అన్నాను. "మధ్య వేగంలో ఎక్కడో గాలి ఎక్కువవుతోంది. ఇంకొంచెం దూరం తీసుకెళ్తే గానీ తెలియదు."

అలా రోజూ కుదరలేదంటూ వచ్చాను. స్క్రూ అటు పావు మర, ఇటు పావు మర. చాథమ్ దాటనన్న మనిషి ఒక ఉదయం చాథమ్ దాటాడు. ఇంకో ఉదయం నార్త్ బే లైట్‌హౌసు కనిపించేదాకా వెళ్ళాడు. అక్కడ ఇంజను నిదానం చేసి, "ఇక్కడికొచ్చేసరికి రామన్న బీడీ ముట్టించీవోడు. ఎంత తిట్టినా ఇక్కడే," అన్నాడు. తమ్ముడి పేరు అతని నోట వినడం సునామీ తర్వాత అదే మొదలు. నా దగ్గర బీడీ లేదు, ఉంటే ముట్టించి నీళ్ళ మీద పెట్టేవాణ్ణి. నాకు ఏడుపు వచ్చింది, దాచుకోలేదు.

వెనక్కి వస్తున్నప్పుడు నట్టు వదులైతే బిగించాను. ఎల్లాజీని పిలవలేదు. ఆ సంగతి నేను గమనించుకోనే లేదు.

జెండా

పండగ రోజు మా పక్కన, రేవు అవతలి ఒడ్డు నుంచి వచ్చిన బాంబూఫ్లాట్ డోంగీ నిలబడింది. దాని మేస్త్రీ కుర్రవాడు, కట్టుబాటు ప్రకారం ఇంజను పక్కనే కూర్చున్నాడు, నాకు దండం కూడా పెట్టాడు. జెట్టీ నిండా జనం. డప్పులు మోగుతున్నాయి. జెండా పట్టుకున్న పెద్దాయన చెయ్యి పైకెత్తాడు. అప్పుడు ఎల్లాజీ చుక్కాని మీద వంగి నా చెవిలో అన్నాడు.

"మేస్త్రీ, ఒక మాట. మూడో రోజే కుదిరిపోనాది గదా?"

"ఏది?"

"ఇంజనే. పొగ నాకు తెల్దా? పద్దెనిమిదో ఏట నించి దీని పొగే పీలుస్తన్నాను."

"తెలిస్తే మరి రోజూ ఎందుకొచ్చావు?"

"నువ్వు అంచు వొగ్గితే గదా! ఒక సేత్తో పడవ పట్టుకోని, నట్టు నన్ను బిగించమంటావు. పోలమ్మ ముందే సెప్పినాది. సునామీ కాడ్నుంచి మేస్త్రీ భయ్యా పడవెక్కట్లేదు, తాడు కట్టి సూస్తన్నాడు, అందుకే మన బోట్లన్నీ నీరసంగా ఎల్తన్నాయి, నువ్వు సుక్కాని పడితే తప్ప ఎక్కడు, బయం పోయిందాకా తిప్పు అన్నాది." నవ్వాడు. "నార్త్ బే కాడ రెండు సేతులూ వొగ్గి నట్టు బిగించినావు. అప్పుడనుకున్నాను, బస్, మేస్త్రీ కుదిరినాడని."

ఇంజను వదిలి అతని వైపు పూర్తిగా తిరిగాను.

"ఒరే, నీ గురించి నాకూ అదే చెప్పింది!"

ఇద్దరం ఒకేసారి జెట్టీ వైపు తిరిగాం. పోలమ్మ గంప ముందు పెట్టుకుని, పందెంతో తనకేమీ పని లేనట్టు ఎవరితోనో చేప బేరమాడుతోంది. ఎల్లాజీ "ఏమే!" అని అరిచాడు. నేనూ అరిచాను. ఆవిడ తలెత్తి మా వెనక్కి చెయ్యి చూపించింది. తిరిగి చూస్తే బాంబూఫ్లాట్ డోంగీ లేదు. జెండా ఎప్పుడో దిగిపోయింది.

రేజు ఇచ్చాడు. బ్లోవర్ ఈల వేసింది. అంత ఆలస్యంగా బయల్దేరి కూడా డబ్బా దగ్గరికి వచ్చేసరికి వాళ్ళకి ఒక్క పడవంత దూరమే వెనకబడ్డాం. ఓడిపోయాం. పడీ పడీ నవ్వుతున్నాం, ఎల్లాజీ కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. డబ్బా దాటాక అతను పడవ తిప్పలేదు. చాథమ్ చుట్టి, నార్త్ బే దాటి, నీళ్ళ రంగు మారేదాకా పోనిచ్చాడు. నా రెండు చేతులూ ఒళ్ళోనే ఉన్నాయి.

సాయంత్రం తిరిగొచ్చాక పోలమ్మని నిలదీశాం. ఆవిడ గంప కడుక్కుంటూ, "ఒకడు వల కుట్టుకుంటూ, ఒకడు తాడు కట్టుకుంటూ, ఇద్దరు మగోళ్ళు ఒడ్డున కూకుంటే సూళ్ళేక సెప్పినాను. తప్పేటి?" అంది.

మర్నాడు పొద్దున్నే ఎల్లాజీ వల వేసుకుని, నేను లేకుండా వేటకి వెళ్ళాడు. నేను బస్సు దిగి జెట్టీకి వచ్చేసరికి డోంగీ చాథమ్ మలుపు తిరుగుతోంది. కనిపించనంత దూరం పోయాక కూడా దాని చప్పుడు విన్నాను. మధ్య వేగంలో నిజంగానే గాలి ఒక పిసరు ఎక్కువైంది. అన్ని రోజులు అబద్ధం చెప్పి చెప్పి స్క్రూని అటూ ఇటూ తిప్పిన ఫలం. సాయంత్రం అతను రాగానే చెప్పి, పడవెక్కి సరిచేశాను.